చక్రం పెంచినవాడు ఇరుసు లెక్క కూడా చూడాలి

వాహనం మీద మోజు యౌవనానికి సహజం. దానిని నిందించవలసిన పని లేదు. కాని ఆ మోజు ఇటీవలి సంవత్సరాలలో ఒక వింత త్రోవ పట్టింది. పాత జీపు గాని, ఆ సంతతికి చెందిన మరొక బండి గాని చేతికి రాగానే మొట్టమొదట చేసే పని దాని చక్రాలు ఊడదీసి, అంతకంటె పెద్దవి, వెడల్పైనవి తొడిగించడం. బండి ఎత్తు పెరుగుతుంది. చూపులకు గంభీరంగా ఉంటుంది. వీధిలో నలుగురూ తల త్రిప్పి చూస్తారు. అంతటితో పని ముగిసిందని యజమాని తృప్తి పడతాడు. నిజానికి పని అప్పుడే మొదలవుతుంది. ఆ చక్రాలను త్రిప్పవలసిన వెనుక ఇరుసులోని పళ్లచక్రాల నిష్పత్తిని గూర్చి అతడు ఆలోచించడు. ఆలోచించమని చెప్పేవారూ తక్కువే. ఆ నిష్పత్తిని లెక్క చూడకుండ చక్రం పెంచరాదనీ, ఆ లెక్క చూడగల జ్ఞానం మన విద్యార్థులకు వారి భాషలలోనే అందాలనీ ఈ వ్యాసంలో నా వాదం.

తెలుగు చెప్పుకొనే ఉపన్యాసకునికి ఇరుసుతో ఏమి పని అని కొందరు నవ్వవచ్చు. ఇరుసు అన్న మాటే తెలుగు మాట. ఎడ్లబండి కాలం నుండి మన రైతు నోట నలిగిన మాట. ఇరుసు, కందెన, చీల, ఆకులు, కమ్మి – బండికి సంబంధించిన ఇంత పదసంపద గల భాషకు మోటారు ఇరుసును గూర్చి చెప్పే శక్తి లేదనడం భాష లోపం కాదు, మన అలక్ష్యం. అదిగాక మన వంటి కళాశాలలకు వచ్చే విద్యార్థులలో మెకానిక్కుల బిడ్డలు, డ్రైవర్ల బిడ్డలు, టైర్ల అంగళ్లవారి బిడ్డలు కొద్దిమంది కారు. వారి ఇంటి అన్నం ఈ విద్యతో ముడివడి ఉన్నది. అందుచేత ఇది మనకు పరాయి విషయం కాదు.

ముందుగా యంత్రం నడిచే తీరు. ఇంజను తిరుగుడు గేరుపెట్టె గుండా వచ్చి, బండి కింద పొడవుగా సాగిన ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక ఇరుసుకు చేరుతుంది. ఆ షాఫ్టు చివర పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్లచక్రాన్ని త్రిప్పుతుంది. బండి పొడవునా వచ్చిన తిరుగుడు ఇక్కడ అడ్డంగా మళ్లి రెండు ప్రక్కల చక్రాలకు పోతుంది. క్రౌన్ వీల్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే ఇరుసు నిష్పత్తి. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 పళ్లు ఉంటే నిష్పత్తి 4.10. అనగా షాఫ్టు 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. అదే 41 పళ్ల క్రౌన్‌తో 11 పళ్ల పినియన్ జత అయితే 3.73, 9 పళ్ల పినియన్ జత అయితే 4.56. పినియన్‌లో ఒక్క పన్ను తేడాతో బండి స్వభావమే మారిపోతుంది. అంకె పెద్దదైన కొలదీ లాగే బలం హెచ్చు, అదే ఇంజను తిరుగుడుకు వచ్చే వేగం తక్కువ. అంకె చిన్నదైతే దీనికి విపర్యయం.

ఇక చక్రం మాట. సైకిలు తొక్కిన ప్రతివాడికీ ఇది అనుభవవేద్యమే. పెడలు దగ్గర 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్న సైకిలులో పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. పళ్లు మార్చకుండ ఆ సైకిలుకు మరింత పెద్ద చక్రం తగిలించామనుకోండి. ఒక్క తొక్కుడుకు ఎక్కువ దూరం పోతుంది, మంచిదే. కాని ఎదురుగాలిలో, ఎత్తులో, వెనుక మనిషిని కూర్చోబెట్టుకొన్నపుడు మోకాళ్లకు ఆ మంచి ఎంత బరువో తెలిసివస్తుంది. పెద్ద చక్రం దూరాన్ని ఇస్తుంది గాని బలాన్ని ఇవ్వదు; ఉన్న బలాన్నే ఎక్కువ దూరానికి పంచుతుంది. మోటారు బండిలో మోకాళ్లకు బదులు ఇంజను, క్లచ్చి, గేరుపెట్టె ఉన్నవి. అవి నోరు తెరచి చెప్పవు. వాసన ద్వారానో, మోత ద్వారానో, చివరికి విరగడం ద్వారానో చెబుతాయి.

అంకెలు చూద్దాము. ఒక బండికి 28 అంగుళాల ఎత్తు టైర్లు, 4.10 ఇరుసు ఉన్నవనుకొందాము. టైరు చుట్టుకొలత సుమారు 2.23 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లు, అనగా నిమిషానికి 1,000 మీటర్లు పోవాలంటే చక్రం నిమిషానికి 448 చుట్లు తిరగాలి. గేరుపెట్టె తిరుగుడును మార్చకుండ నేరుగా పంపే గేరులో ఇంజను 1,835 చుట్లు తిరుగుతుంది. ఇప్పుడు 31 అంగుళాల టైర్లు తొడిగితే చుట్టుకొలత 2.47 మీటర్లు. చక్రం 404 చుట్లు, ఇంజను 1,657 చుట్లు మాత్రమే. ఇరుసును ముట్టుకోలేదు గాని పాత టైర్ల మీద 3.70 ఇరుసు బిగించినంత పని జరిగిపోయింది. టైరు నేలను వెనుకకు నెట్టే బలం నూటికి సుమారు 10 వంతులు తగ్గింది. దీనిపైన పెద్ద టైరు బరువు వేరే. చక్రపు అంచున పెరిగిన బరువును నిలుపు మీద నుండి త్రిప్పి లేపడానికి ఇంజనుకు అదనపు శ్రమ.

పోగొట్టుకొన్నది తిరిగి రాబట్టడానికి లెక్క చాల సులభం. కొత్త టైరు ఎత్తును పాత టైరు ఎత్తుతో భాగించి, వచ్చినదానిని పాత నిష్పత్తితో హెచ్చవేయాలి. 31ని 28తో భాగించి 4.10తో హెచ్చవేస్తే 4.54 వస్తుంది. సరిగ్గా 4.54 గల జత అంగడిలో దొరకనక్కరలేదు, 4.56 దొరుకుతుంది. దానిని బిగిస్తే 60 కిలోమీటర్ల వేగానికి ఇంజను 1,843 చుట్లు తిరుగుతుంది. మొదటి 1,835కి ఇది ఎంత దగ్గరో చూడండి. ఎనిమిదవ తరగతి గణితం చాలు. ఇంత చిన్న లెక్క చేయకపోవడం వలన ఎంతమంది క్లచ్చి ప్లేట్లు కాల్చుకొంటున్నారో వర్కుషాపులలో నిలబడి చూచినవారికి తెలుసు.

దీనికి ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. ‘ఇరుసు మార్చడం ఎందుకు? నాలుగవ గేరులో లాగకపోతే మూడవ గేరులో నడుపుకొంటాము’ అంటారు. పై గేర్ల విషయంలో ఈ మాటలో కొంత నిజమున్నది. కాని మొదటి గేరులో లాగకపోతే ఏ గేరులోకి దిగుతారు? దాని కింద మరొక మెట్టు లేదు. వెనుకకు నడిపే గేరుకూ అంతే. ఎత్తులో నిండు బరువుతో బండి ఆగి మళ్లీ కదలవలసి వచ్చినపుడు క్లచ్చిని సగం వదలి సగం పట్టి ఈడ్చవలసి వస్తుంది. శ్రీశైలం ఘాటులోనో, అరకు ఘాటులోనో ముందు లారీ ఆగినపుడు ఈ సంగతి తేటతెల్లమవుతుంది. దిగుడులోనూ ఇదే సమస్య. ఇంజను పట్టు తగ్గి బ్రేకుల మీద భారం పెరుగుతుంది.

మరికొందరు ‘ఇంజను తక్కువ తిరిగితే నూనె ఆదా కదా’ అంటారు. చదును రోడ్డు మీద, ఇంజనులో మిగులు శక్తి ఉన్నపుడు ఆ మాట నిజమే. మిగులు లేని చిన్న ఇంజనును అణచి నడిపితే పెడలు అడుగంటా తొక్కవలసి వస్తుంది. ఆదా అన్నది కాగితం మీదనే మిగిలిపోతుంది. పైగా ఆదా లెక్క చూచే మీటరే తప్పు చెబుతుంటుంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఇరుసు నిష్పత్తి అంటే ఎవరో గాలిలో నిర్ణయించిన అంకె కాదు. ఫోర్డు కంపెనీవారు 1908 నుండి 1927 వరకు తయారు చేసిన మోడల్ టి కారును చూడండి. ఇంజను శక్తి 20 అశ్వాలు. ముందుకు పోవడానికి రెండే గేర్లు. 30 అంగుళాల చక్రాలు. ఇరుసులో క్రౌన్‌కు 40 పళ్లు, పినియన్‌కు 11 పళ్లు, నిష్పత్తి 3.64. అదే ఇంజనుతో 1917లో మోడల్ టిటి లారీ చేసినపుడు నిష్పత్తిని 7.25కు, అనగా దాదాపు రెట్టింపుకు పెంచారు. మనుషులను మోయడానికి ఒక అంకె, సరుకును మోయడానికి మరొక అంకె. ఇంజను ఒక్కటే గనుక ఇరుసు కూడా ఒక్కటే చాలునని ఆ నిర్మాతలు అనుకోలేదు.

జీపు చరిత్ర మనకు మరింత దగ్గరిది. రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసిన విల్లీస్ సైనిక జీపు ఇరుసు నిష్పత్తి 4.88, క్రౌన్‌కు 39 పళ్లు, పినియన్‌కు 8. యుద్ధం ముగిసిన 1945లో అదే కంపెనీ రైతుల కోసం జీపు తయారు చేసింది. టైర్ల కొలత మారలేదు, 6.00-16 గానే ఉన్నది. నాగలి లాగాలి, బరువు మోయాలి గనుక ఇరుసును మాత్రం 5.38 చేశారు, 43 పళ్లకు 8 పళ్లు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో మహీంద్రావారు బొంబాయిలో కూర్చసాగిన విల్లీస్ జీపులు ఈ వంశానివే. అంటే చక్రం మారకపోయినా పని మారినందుకే ఇరుసు మార్చినవారున్నారు. చక్రమే మార్చి ఇరుసును మరచిపోవడం మనకు ఎట్లా చెల్లుతుంది?

అట్లని చక్రం మార్చిన ప్రతివాడూ ఇరుసు విప్పాలని నేను చెప్పడం లేదు. ఈ లెక్కలో నాకు నచ్చేది అదే. అది అవసరమైనచోట అవసరమనీ, అనవసరమైనచోట అనవసరమనీ నిష్పక్షపాతంగా చెబుతుంది. 28 నుండి 29 అంగుళాలకు పోతే తేడా నూటికి నాలుగు కూడా లేదు. దానికి ఇరుసు విప్పడం డబ్బు దండుగ. 5.38 ఇరుసు గల పాత జీపుకు 28కి బదులు 31 అంగుళాల టైర్లు తొడిగితే ఫలితం 4.86కు సమానం, ఇది ఇంచుమించు సైనిక జీపు నిష్పత్తే. చదును నేల మీద తేలిక బరువుతో తిరిగే అటువంటి జీపుకు ఇరుసు మార్పు అత్యవసరం కాదు. మొదటే 3.73 వంటి చిన్న అంకె గల బండికి అదే టైరు తొడిగితే 3.37కు పడిపోతుంది; దానికి మార్పు తప్పదు. కావున ‘ఎంత పెద్ద టైరు?’ అన్న ఒక్క ప్రశ్నతో ఆగరాదు. ‘ఇప్పుడున్న ఇరుసు ఎంత? ఇంజను ఏ తిరుగుడులో బాగుగా లాగుతుంది? బరువు ఎంత? త్రోవ ఎటువంటిది?’ అని నాలుగు ప్రశ్నలు అడిగిన తరువాతనే చేతికి పానా తీసుకోవాలి.

అంకెను మితిమీరి పెంచడమూ తప్పే. పినియన్ పళ్లు తగ్గిన కొలదీ పినియన్ తల చిన్నదవుతుంది, దాని బలం తగ్గుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి పోయే బండిలో వెనుక ఇరుసు ఒక్కటే మార్చడం మరింత ప్రమాదం. ముందు 5.38, వెనుక 4.88 అయితే గట్టి నేల మీద నాలుగు చక్రాలూ కలిపి నడిపినపుడు ముందు చక్రాలు ఒక లెక్క, వెనుక చక్రాలు ఒక లెక్క అడుగుతాయి. ఆ పోట్లాటలో షాఫ్టులు మెలిపడతాయి, పళ్లు విరుగుతాయి. మార్చితే రెండూ మార్చాలి; లేదా రెండూ మానాలి.

నిష్పత్తి సరిచేసినంత మాత్రాన అన్ని దోషాలూ తీరవని కూడ స్పష్టంగా చెప్పాలి. బ్రేకు డ్రమ్ము పట్టు పాతదే, దాని మీద చక్రం పెద్దదయింది. కావున నేల మీద ఆపే బలం నూటికి సుమారు 10 వంతులు తగ్గుతుంది. ఇరుసు పళ్లు దీనిని సరిచేయలేవు. అట్లే వేగం చూపే మీటరు. పాత జీపులలో దాని తీగ గేర్ల పెట్టె వెనుక నుండి తిరుగుతుంది. 31 అంగుళాల టైర్లతో మీటరు 60 చూపుతుంటే బండి నిజంగా 66 మీద పోతుంటుంది. 100 కిలోమీటర్లు నడిచినా 90 నడిచినట్లే వ్రాస్తుంది. 4.56 ఇరుసు బిగిస్తే ఈ దోషం దానంతటదే ఇంచుమించు సరిపోతుంది. చక్రాల దగ్గరనే తిరుగుడును లెక్కించే నేటి బండ్లలో మాత్రం ఇరుసు మార్చినా మీటరు సరిపడదు. దానికి కొత్త టైరు కొలతను ప్రత్యేకంగా తెలుపవలసి ఉంటుంది.

చట్టం మాట కూడ విస్మరించరాదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, నిర్మాత మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే దృఢపరచింది. అదే సంవత్సరపు సవరణ ఇటువంటి ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చునన్నది. లెక్క తెలిసినంత మాత్రాన చట్టాన్ని మీరే హక్కు ఎవరికీ రాదు. లెక్క తెలిసినవాడు ‘ఈ బండికి ఈ చక్రం తగదు’ అని తెలుసుకొని మానుకోగలుగుతాడు. అది కూడ జ్ఞాన ఫలమే. నా దృష్టిలో అదే ముఖ్య ఫలం.

ఇక ఈ పని చేసే చేతులను గూర్చి. క్రౌన్, పినియన్ ఒకదానితో ఒకటి ఒరిపిడి పెట్టి జతగా తయారవుతాయి. ఒక జతలోని క్రౌన్‌ను మరొక జతలోని పినియన్‌తో కలిపితే మోత, ఆ తరువాత నాశం. పినియన్ ఎంత లోతున కూర్చోవాలో పలుచని షిమ్ములతో సరిచేయాలి. పన్నుకు పన్నుకు నడుమ ఉండవలసిన వదులు మిల్లీమీటరులో అయిదవ వంతు ప్రాంతం. పళ్లకు రంగు పూసి త్రిప్పి, ఏ భాగం ఏ భాగాన్ని తాకుతున్నదో ఆ గురుతును చదవాలి. ఈ గురుతు చదవడం కూడ చదువే. మన వర్కుషాపులలో ఉస్తాదులని గౌరవంగా పిలిపించుకొనే పెద్దలు ఎన్నో ఏండ్ల శ్రమతో దీనిని నేర్చినవారు. వారికి చేతి విద్య ఉన్నది. మన విద్యార్థికి కాగితం మీద లెక్క ఉన్నది. ఈ రెండూ ఒకరినొకరు కలుసుకోకపోవడమే మన దురదృష్టం. ఉస్తాదు కొడుకు కళాశాలకు వచ్చి నిష్పత్తులు బట్టీ పడతాడు. తన తండ్రి చేతిలోని క్రౌన్ వీలే ఆ నిష్పత్తి అని అతనికి ఎవరూ చెప్పరు. కొన్నాళ్లకు చదువు వేరు, బ్రతుకు వేరు అని అతడే నిశ్చయించుకొంటాడు. చదువుకొన్నవాడు తండ్రి వృత్తిని చూచి సిగ్గుపడడం ఇక్కడనే మొదలవుతుంది.

ఇది మార్చరానిది కాదు. హైదరాబాదులో 1917లో అనువాద సంస్థను స్థాపించి, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంగా ఉన్నత విద్యను బోధించారు. వైద్యం, ఇంజినీరింగు వంటి శాస్త్రాలను కూడ ఆ భాషలో చెప్పారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో కళాశాల పాఠ్యగ్రంథాలను వెలువరించింది. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన ప్రాంగణం ఈ రెండు ప్రయత్నాలకూ వారసురాలు. అందుచేత కళాశాల పాలక సంఘం పెద్దలకు నా విన్నపం చిన్నది. సంవత్సరానికి నాలుగు సాయంకాలాలు అనుభవజ్ఞులైన ఉస్తాదులను గౌరవ అతిథులుగా పిలువండి. తరుగైపోయిన ఒక పాత ఇరుసును కొని, విప్పి, భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో బల్ల మీద ఉంచండి. వారు చేతితో త్రిప్పి చూపగా, గణిత ఉపన్యాసకులు లెక్క చెప్పగా, ఉర్దూ తెలుగు శాఖలవారము ఆ మాటలను రెండు భాషలలో వ్రాసి పెడతాము. దీనికి భవనం అక్కరలేదు, పెద్ద నిధి అక్కరలేదు. ఆ ఉస్తాదులకు వేదిక మీద ఒక కుర్చీ, విద్యార్థుల ముందు ఒక మర్యాద చాలును.

విద్యార్థి మిత్రులారా! పెద్ద చక్రాన్ని కోరుకోవడంలో తప్పు లేదు. దానిని త్రిప్పే పినియన్‌కు ఎన్ని పళ్లున్నవో తెలుసుకోకుండ కోరుకోవడం తప్పు. మీ తండ్రి చెమటోడ్చి కూడబెట్టిన డబ్బుతో బండి కొన్నప్పుడు, అందులో మీ తల్లి, చెల్లెలు కూర్చొని ఘాటు ఎక్కుతున్నప్పుడు, ఆ బండి ఆగవలసినచోట ఆగాలి, కదలవలసినచోట కదలాలి. టైరు మీద వ్రాసిన అంకెలను చదవండి. ఇరుసు పళ్లను లెక్కించండి. భాగించండి, హెచ్చవేయండి. ఆ తరువాత మీ ఉస్తాదును అడగండి. ఆయనకు తెలిసినది మీరు నేర్చుకోండి. మీకు తెలిసిన లెక్కను ఆయనకు వినిపించండి.